నాగూర్ వలి కల్వం

వెల్లుల్లి రెబ్బ కింద మందుబిళ్ళ పెట్టి నూరితే చప్పుడులో తేడా తెలియదు. ఒట్టి బిళ్ళయితే కరకరమంటుంది, వినేవాళ్ళకు ఏమిటా అనిపిస్తుంది. వెల్లుల్లితో కలిపి నూరితే వంటింటి చప్పుడు వంటింటి చప్పుడులాగే ఉంటుంది. నాగూర్ వలి తనంతట తను కనిపెట్టుకున్న విద్య ఇది. పదిమందిలో చెప్పుకుని మీసం మెలేసే విద్య కాదు గనక ఇన్నేళ్ళుగా అతని దగ్గరే ఉండిపోయింది.

పెరట్లో మౌలాబీ మొహం కడుక్కుంటోంది. ఆమె కుళాయి కట్టేలోపల పని అయిపోవాలి. అతను గోడవైపు తిరిగి గొంతుక్కూర్చుని, నల్లరాతి కల్వాన్ని రెండు పాదాల మధ్య ఇరికించుకుని, మోచెయ్యి కదలకుండా మణికట్టుతోనే నూరాడు. అతని తల్లి పసిపిల్లలకు మందులు నూరిన కల్వం అది. తెల్లటి పొడి వెల్లుల్లి ముద్దలో కలిసిపోయాక, ఇంత ఉప్పు వేసి, వేలితో తీసి, పళ్ళెంలో గోంగూర పచ్చడికి పట్టించాడు. గోంగూర పులుపు ముందు ఏ చేదూ నిలవదని అతని నమ్మకం. కల్వాన్ని బియ్యం డబ్బా వెనక్కి తోసేశాడు. దాన్ని కడగడం కూడా ఒక్కోరోజు మరిచిపోతాడు. మర్నాడు పొద్దున తీసి చూస్తే శుభ్రంగానే ఉంటుంది, నేనే కడిగి ఉంటానులే అనుకుంటాడు. సరిగా నిద్ర లేని మనిషికి నిన్న ఏం చేసిందీ ఇవాళ గుర్తుండదు.

"తినవే మౌలా," అన్నాడు పళ్ళెం ముందుకు జరిపి.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. పొడవాటి మనిషి. కనిగిరి మెట్ట మనుషుల ఎముక పుష్టి ఇంకా భుజాల్లో కనిపిస్తుంది. బిళ్ళల వల్ల మొహం కాస్త ఉబ్బింది, నడక నెమ్మదించింది, చేతివేళ్ళు ఊరికే వణుకుతుంటాయి. అన్నంలో పచ్చడి కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఒక్కసారి మొగుడి మొహంలోకి చూసింది. రోజూ చూస్తుంది. అతను రోజూ తల తిప్పుకుంటాడు.

"మధ్యాహ్నానికి మీ తమ్ముడొత్తాడు. నాల్రోజులు అమ్మ దగ్గరుండి రా. గాలి మార్పుగా ఉంటది."

"నాల్రోజులేనా?"

"నాల్రోజులో, పది రోజులో. నీకు బుద్ధి పుట్టినన్నాళ్ళు."

మౌలాబీ పళ్ళెం ఊడ్చినట్టు తినేసింది. ఆ నాల్రోజుల సంగతి అబద్ధమని అతనికీ తెలుసు, బావమరిది మొహిద్దీన్ బాషాకీ తెలుసు. పోయిన వారం ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి, అద్దాల తలుపు గట్టిగా మూసుకుని, "ఇంక నా వల్ల కావట్లేదు బాషా, మీ అక్కని తీసుకుపోండిరా" అని చెప్పింది ఇతనే. ఆ మాట నోరు దాటగానే, బూత్‌లో కూర్చున్న పిల్ల కూడా విన్నదేమోనని ఒళ్ళంతా చెమటపట్టింది. పెళ్ళినాడు పదిమంది ఎదుట ఒప్పుకుని తెచ్చుకున్న మనిషిని, ఫోనులో రహస్యంగా తిప్పి పంపించేస్తున్నాడు.

అయితే ఇవాళ అతని గుండెల మీద కూర్చున్నది అదొక్కటే కాదు. బిళ్ళల సంగతి బాషాకి చెప్పాలి. పుట్టింటివాళ్ళ దృష్టిలో మౌలాబీకి సోకింది గాలి, తగ్గించింది దర్గా తాయెత్తు. ఆమె కుదుటపడిందని తెలిసి అత్తగారు ఊళ్ళో బెల్లం పంచిపెట్టింది కూడా. కుదుటపరిచింది పెద్దాసుపత్రిలో పిచ్చిడాక్టరు రాసిన బిళ్ళలని, వాటిని తను దొంగతనంగా గోంగూరలో కలిపి పెడుతున్నానని నాగూర్ వలి ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు చెప్పకపోతే అక్కడ బిళ్ళలు ఆగిపోతాయి. ఆగిపోతే ఏమవుతుందో అతను ఒకసారి కళ్ళారా చూశాడు. చెప్పితీరాలి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, మిరపకాయల యార్డు దాకా నడుస్తూ నాలుగు రకాలుగా అనుకుని చూశాడు. నాలుగూ సిగ్గుగానే ఉన్నాయి.

నాగూర్ వలి పని గోతాల మూతులు కుట్టడం. కాటా అయిన బస్తా దగ్గర కూర్చుంటాడు. రెండు చెవులూ గుంజి పట్టుకుంటాడు. పురికొస ఎక్కించిన దబ్బనాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు దూరుస్తూ పోతాడు. వేళ్ళ సందుల్లో పురికొస కోసిన గీతలు, ఆ గీతల్లో కారం. మొదట్లో రాత్రిళ్ళు ఆముదం రాసుకునేవాడు, ఇప్పుడు చర్మమే మొద్దుబారింది. బక్కపలచని మనిషి, గూడకట్టు లుంగీ, రంగు తెలియని చొక్కా, ముక్కుకు అడ్డంగా తువ్వాలు. యార్డులో అలాంటి వాళ్ళు ఎంతోమంది ఉంటారు. ఇతను రాకపోతే రాలేదని ఎవరికీ తట్టదు.

తాతలనాటి నుంచి దూదేకే ఇల్లు వాళ్ళది. ప్రత్తిపాడులో వాళ్ళ నాన్న ఏకే విల్లు టంగుటంగుమంటే, ఎవరింట్లోనో పెళ్ళి కుదిరింది, కొత్త పరుపు కుట్టిస్తున్నారని ఊళ్ళో చెప్పుకునేవారు. నాగూర్ వలి కుట్టిన పరుపు మీద మడత పడేది కాదు. తరవాత ఊళ్ళోకి స్పాంజి పరుపులొచ్చాయి, విల్లు అటకెక్కింది. దబ్బనం మాత్రం చేతిలో మిగిలింది. మెత్తటి దూది మీద పనిచేసిన చెయ్యి గోనెపట్టా మీదకు మారింది.

కానీ అతను ఊరొదిలింది పని కోసమే కాదు, అదొక సాకు. మౌలాబీ అప్పటికే కుళాయితో మాట్లాడటం మొదలుపెట్టింది. నీళ్ళలో ఎవరో తనను తిడుతున్నారనేది, తిరిగి తిట్టేది. ఒక పెళ్ళి విందులో విస్తరి ముందు నుంచి లేచి, అన్నంలో విషం కలిపారని కేకలు పెట్టింది. ఆ తరవాత ప్రత్తిపాడులో పిల్లలు కూడా అతన్ని ఫలానావాడి కొడుకన్నట్టు కాక, ఫలానాదాని మొగుడన్నట్టు చూడసాగారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. అతను చించుకోలేదు. మూటాముల్లె సర్దుకుని గుంటూరొచ్చి, పక్కింటివాడి పేరు పక్కింటివాడికి తెలియని సందులో ఇల్లు తీసుకున్నాడు.

"ఏం వలీ, కళ్ళు మరీ చింతనిప్పుల్లా ఉన్నాయి?" అంది అంకమ్మ.

కింద రాలిన కాయలు ఊడ్చి, తాలుకాయలు ఏరే మనిషి అంకమ్మ. నోరు పెద్దది, మనసు కూడా అంతే.

"ఘాటు," అన్నాడు నాగూర్ వలి.

మిరపకాయల యార్డులో ఇదొక సుఖం. కళ్ళు ఎర్రగా ఉంటే ఎందుకని ఎవరూ రెండోసారి అడగరు. తుమ్మినా, దగ్గినా, కళ్ళు తుడుచుకున్నా అందరిదీ ఒకటే జబ్బు. అతని ఎరుపు వేరు. మౌలాబీ కొంగు తన మణికట్టుకు ముడేసుకుని పడుకుంటాడు. ఆమె కదిలితే లేస్తాడు, కదలకపోతే ఎందుకు కదల్లేదా అని లేస్తాడు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పోయిన నెల చీటీ రాస్తూ రాస్తూ ఆగి, "ఆమె సంగతి సరే, మీరు పడుకుంటున్నారా?" అని అడిగింది. అంతే. వెనక వరుసలో అంతమంది నిలబడి ఉండగా, మూతి వంకర్లు పోయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. అక్కడ మిరపకాయలు కూడా లేవు. "పడుకుంటున్నానండీ" అని గొణిగి, చీటీ లాక్కున్నంత పనిచేసి బయటపడ్డాడు. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాలన్న ఆలోచన ఆనాడు పుట్టిందే.

"ఇయ్యాల కూడా గోంగూరేనా మీ ఆవిడ పెట్టింది?" అంకమ్మ వదల్లేదు. "ఏం ఇల్లాలో, ఒక్కనాడూ కంటికి చూపించవు. ఎవరన్నా ఎత్తుకుపోతారనా?"

"కీళ్ళ నొప్పులమ్మా దానికి. గడప దాటలేదు."

యార్డుకు చెప్పిన అబద్ధం ఇది. అంకమ్మ ఎదుట ఈ అబద్ధం ఆడాలంటే అతనికి ఎక్కడలేని బెరుకు. నిరుడు ఒకరోజు తొందరలో గిన్నెలు తారుమారయ్యాయి. మౌలాబీకి పెట్టవలసిన పచ్చడి తను తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అంకమ్మ "ఏదీ, మీ ఆవిడ చెయ్యి చూద్దాం" అని అడగా పెట్టా లేకుండా చెయ్యిపెట్టి సగం తినేసింది. ఇంకో గంటకి కాయల కుప్ప పక్కనే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. ఎంత ఘాటు కొడుతున్నా కదల్లేదు. మేస్త్రీ వచ్చి నానా మాటలూ అని, సగం రోజు కూలి కోసేశాడు. "ఏం మాయదారి నిద్రో, జన్మలో పోలా ఇట్టా" అని ఆమె తల బాదుకుంటుంటే నాగూర్ వలి తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని గోతాలు కుట్టాడు. బిళ్ళ పడని మౌలాబీ ఎలా ఉందోనని పరుగులాంటి నడకతో ఇంటికి పోయాడు. ఆమె గడపలో కూర్చుని చాట చెరుగుతోంది. "ఇయ్యాల పచ్చడి కమ్మంగా ఉందయ్యా," అంది. పొగిడిందనుకుని, బతికానురా దేవుడా అనుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే, బంధువులొస్తున్నారని మేస్త్రీకి చెప్పి బయలుదేరాడు. సెంటరు దాటుతుంటే ఎప్పటిలాగే నడక వేగం పెరిగింది. ఆ చోటు అతనికి పడదు. పెద్దాసుపత్రిలో దొరక్క బిళ్ళలు ఆగిన ఆ ఒక్క నెలలో మౌలాబీ ఇంట్లోంచి వచ్చేసి, ఇదే సెంటర్లో నడిరోడ్డు మీద కూర్చుంది. జుట్టు విరబోసుకుని, జాకెట్టు గుండీలు ఊడిపోయి, కుళాయిని తిట్టే తిట్లే బస్సుల్ని తిట్టింది. వెతుక్కుంటూ వచ్చిన నాగూర్ వలి గుంపులో నిలబడిపోయాడు. "ఎవరయ్యా ఈమె తాలూకు?" అని పోలీసు అరిచాడు. అరిచి, మళ్ళీ అడిగాడు. నాగూర్ వలి నోరు పెగల్లేదు. పక్కన ఎవడో నవ్వితే, సిగ్గుచేటు, తనూ పళ్ళు కనిపించేలా మొహం పెట్టాడు. మౌలాబీ చూపు గుంపులో తిరుగుతూ తిరుగుతూ వచ్చి అతని మీద ఆగింది. ఆగి, పక్కకు తిరిగిపోయింది. గుర్తుపట్టలేదు అనుకున్నాడు. పోలీసు ఆమెను రోడ్డు పక్కకు లాగి పోయాక, గుంపు పలచబడ్డాక, అప్పుడు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఆ సెంటర్లో అతను తల ఎత్తలేదు.

ఇంటికొచ్చేసరికి బాషా వచ్చి, మంచం మీద కూర్చుని ఉన్నాడు. మౌలాబీ తల దువ్వుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, సంచీ సర్దుకుని సిద్ధంగా ఉంది. పండక్కి పోయే పిల్లలా లేదు, అలాగని బెంగగానూ లేదు. ఎవరో చెప్పిన పని చేస్తున్నట్టు ఉంది.

బస్టాండులో బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. మౌలాబీని బల్ల మీద కూర్చోబెట్టి, బావమరిదిని టీకొట్టు దగ్గరకు తీసుకుపోయాడు. చొక్కా జేబులో బిళ్ళల కవరు ఉంది.

"బాషా, ఒక సంగతి."

"చెప్పు బావా."

"మీ అక్కకి..."

బాషా అతని మొహంలోకి చూశాడు. మెతక మనిషి, కనిగిరిలో సైకిళ్ళ షాపు. "నువ్వేం చెప్పబాకు బావా," అన్నాడు మెల్లగా. "ఎంత చిక్కిపోయావో చూసుకున్నావా? ఇంకోడైతే ఎప్పుడో వదిలేసి ఇంకో పెళ్ళి చేసుకుని ఉండును. మా అమ్మ రోజూ నీ పేరు చెప్పి దువా చేస్తది. ఇంట్లో నలుగురం ఉన్నాం. తాయెత్తు పాతబడింది, మళ్ళీ కట్టిస్తాం. నువ్వు హాయిగా పడుకో."

తిట్టి ఉంటే చెప్పగలిగేవాడేమో. మంచి మాట అతని నోరు కట్టేసింది. తన పేరు చెప్పి దువా చేసే ముసలమ్మకు, నీ కూతుర్ని ఇన్నేళ్ళూ మోసం చేసి మందు మేపానని, కుదిర్చింది నీ తాయెత్తు కాదు పిచ్చి మందని ఎట్లా చెప్పడం? టీ గ్లాసు ఖాళీ చేశాడు. జేబులోంచి కవరు తీశాడు.

"బలానికి బిళ్ళలు. పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి."

"బలానికైతే మా అమ్మ రాగిజావ కాత్తదిలే బావా," అని నవ్వి, బాషా ఆ కవరును చూడకుండానే మడిచి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు.

అయిపోయింది. చెప్పవలసిన క్షణం దాటిపోయింది. నాగూర్ వలికి తనమీద తనకే రోత పుట్టింది.

బస్సొచ్చింది. కిటికీ పక్క సీటు పట్టి, మౌలాబీని కూర్చోబెట్టి, సంచీ పైన పెట్టి కిందకి దిగాడు. కిటికీ ఊచల దగ్గర నిలబడ్డాడు. ఆమె తమ్ముడి వైపు చెయ్యి చాపింది.

"ఆ కవరు ఇటియ్యరా."

"ఏ కవరక్కా?"

"మీ బావ ఇచ్చాడుగా. బలానికి కాదవి. తల కుదురుగా ఉండటానికి. పెద్దాసుపత్రి బిళ్ళలు." బస్సులో జనం వింటారన్న వెరపు ఆమెకు లేదు. ఊళ్ళో ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది. "అమ్మకి నేను చెప్తాలే. నూరేదీ కలిపేదీ ఏం లేదు. గ్లాసుడు నీళ్ళిస్తే మింగుతా."

బాషా నోరు తెరిచి ఒకసారి అక్కనీ, ఒకసారి బావనీ చూశాడు. నెమ్మదిగా కవరు తీసి ఇచ్చాడు.

నాగూర్ వలి కిటికీ ఊచ పట్టుకున్నాడు. "నీకు తెలుసా?" అన్నాడు.

"గోంగూర పులుపుగానీ చేదేందయ్యా?"

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ. మొదట్లో ఊసేదాన్ని, నీకు తెలవదు. తరవాత్తరవాత తింటే కుళాయి నోరు మూసుకునేది. అందుకని తిన్నా."

"మరి చెప్పొచ్చుగా మౌలా! నాతో అనొచ్చుగా!"

ఆమె అతని మొహంలోకి చూసింది, రోజూ మొదటి ముద్దకు ముందు చూసినట్టే. ఈసారి అతను తల తిప్పుకోలేకపోయాడు.

"నువ్వు గోడవైపు తిరిగి అంత అవస్థ పడతా దాచుకుంటంటే, నాకు తెలుసని ఎట్టా చెప్పేది? సిగ్గుపడతావని ఊరుకున్నా."

డ్రైవరు ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను గర్జించింది. సెంటర్లో తనమీద ఆగి పక్కకు తిరిగిన చూపు నాగూర్ వలికి ఇప్పుడు అర్థమైంది. గుర్తుపట్టకపోవడం కాదది. తన మొగుడు సిగ్గుపడుతున్నాడని గుర్తుపట్టి, అందరి ముందూ అతన్ని బయటపెట్టకుండా వదిలేసింది. తను ఆమెను దాస్తున్నానని అనుకున్న ఇన్నేళ్ళూ, ఆమే తనను దాచుకుంటూ వచ్చింది.

దిగు అందామనుకున్నాడు. దిగు, ఇంటికి పోదాం, ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిందాం, బిళ్ళ నీ చేతికే ఇస్తాను. మాట గొంతు దాకా వచ్చింది. దానితోబాటే, ఈ రాత్రి మణికట్టుకు ముడి ఉండదన్న ఆలోచనా వచ్చింది. ఒళ్ళంతా నిద్ర కోసం అల్లాడింది. ఆ ఒక్క క్షణం తటపటాయించాడు. బస్సు కదిలింది.

మౌలాబీ ఊచల్లోంచి మొహం బయటికి పెట్టి, ఇంజను మోతకు మించి గట్టిగా అరిచింది. "అన్నం డబరాలో ఉంది. కల్వం కడిగి పెట్టా. ఇంక దాచబాకు."

బస్టాండులో నలుగురూ తిరిగి చూశారు. ఎవరితో చెబుతోంది ఈమె అన్నట్టు చుట్టూ చూశారు. నాగూర్ వలి చెయ్యి ఎత్తాడు. "నాతోనే," అన్నాడు, అడగని వాళ్ళకు జవాబుగా. "మా ఆవిడ." ఆ మాట అనడానికి అతనికి ఇన్నేళ్ళు పట్టింది. వినవలసిన మనిషి వెళుతున్న బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

ఇంటికొచ్చి తాళం తీశాడు. ఇన్నాళ్ళూ ఈ తలుపుకు తాళం వేయవలసిన పని ఉండేది కాదని, ఇంక లోపల ఎవరూ లేరని, తీశాక గుర్తొచ్చింది. మంచం మీద పక్క సర్ది ఉంది. నడుం వాల్చాడు, ఇన్నాళ్ళుగా ఏడ్చినంత పనిచేసి కోరుకున్న నిద్ర అది. కళ్ళు మూసుకుంటే కిటికీ ఊచలు కనిపించాయి. లేచి కూర్చున్నాడు. కళ్ళు మండాయి. తువ్వాలుతో ఒత్తుకున్నాడు, తువ్వాలుకున్న కారం అంటుకుని ఇంకా మండాయి.

మొహం కడుక్కుందామని పెరట్లోకి నడిచాడు. కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. రోజూ పొద్దున కల్వం శుభ్రంగా ఎందుకుండేదో చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు. బియ్యం డబ్బా వెనక కాదు, పెరటి గట్టు మీద, వచ్చేపోయేవాళ్ళందరికీ కనిపించేచోట, మసి గానీ మరక గానీ లేకుండా తోమిన నల్లరాతి కల్వం ఎండలో బోర్లించి ఉంది.